లాభం, రెండు, మూడు

మూడు వందల డెబ్బై మూడుతో భాగిస్తే ఏడు మిగిలింది. గంగరత్న ఆ ఏడును పలక మూలన వేసి, చుట్టూ గీత గీసి, తర్వాతి దానికి వెళ్ళింది. మూడు వందల డెబ్బై తొమ్మిదితో రెండు వందల నలభై ఎనిమిది మిగిలింది. ఇక చూడవలసింది మూడు వందల ఎనభై మూడు ఒక్కటే. దాన్ని కావాలనే నెమ్మదిగా వేసింది. రెండు వందలు మిగిలాయి.

అంతే. 1,49,953 ప్రధాన సంఖ్య. ఈ సంగతి సరిచూపు యంత్రం పొద్దున్నే చెప్పేసింది, చెప్పడానికి దానికి రెప్పపాటు కూడా పట్టలేదు. అయినా వినే మనిషి ప్రతి వంతుకూ తన చేత్తో ఒకసారి లెక్క వేసి తీరాలన్నది ఈ కొండ మీది ఆచారం. ఎందుకు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, చాలామంది మొక్కుబడిగా నాలుగు గీతలు గీసి లేచిపోతారు. గంగరత్న మాత్రం ఈ ఉదయం డెబ్బై ఆరు భాగహారాలూ ఒక్కటి వదలకుండా చేసింది. ఎక్కడో ఒకచోట శేషం సున్నా వస్తుందని, యంత్రం తప్పిందని తేలుతుందని ఆమె ఆశ. అలా వచ్చి ఉంటే పిచ్చుక అనే ఓడ గొలుసు ఇంకొక మెట్టు సాగేది.

గొలుసులో పెద్ద మర్మమేమీ లేదు. ఓడ బయల్దేరేటప్పుడు దానికొక విత్తనం అంకె ఇస్తారు. ఓడ ఆ అంకె మీద పిలుస్తుంది, కొండ ఆ అంకె మీద వింటుంది. నలభై రోజులకు మళ్ళీ వంతు వచ్చేసరికి ఇద్దరూ అంకె మార్చుకోవాలి. పాత అంకెను శేషం లేకుండా భాగించే వాటన్నిటినీ, ఒకటి మొదలుకొని, ఆ అంకెను మాత్రం వదిలేసి, కూడాలి. వచ్చిన మొత్తమే కొత్త అంకె. ఇక్కడ వినే మనిషి కూడుతుంది, అక్కడ ఓడలో మనిషి కూడుతాడు, ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరూ ఒకచోటికి చేరతారు. ఆకాశంలో ముప్పై ఏడు ఓడలున్నా ఒకరి పిలుపు మీద ఇంకొకరిది పడకుండా ఇన్నేళ్ళూ నడిచింది ఈ కూడిక మీదే.

ప్రధానం తగిలినప్పుడే చిక్కు. దాన్ని భాగించేది ఒకటే, మొత్తమూ ఒకటే, ఒకటి మీద ఎవరూ వినరు. మాట కలుస్తున్న ఓడకైతే ఆ వంతులోనే కొత్త విత్తనం ఇచ్చేస్తారు. మాట కలవని ఓడకు ఇవ్వడానికి దారి లేదు. అలాంటి గొలుసును కొండ మూసేస్తుంది, ఆకాశాన్ని వినే తన పెద్ద చెవిని వేరే ఓడకు కేటాయిస్తుంది.

పిచ్చుక మాట కలిపి నూట ఇరవై రోజులయింది. అది తిరుగు ప్రయాణంలో ఉంది, ఇంకా తొమ్మిది వంతుల దూరంలో ఉంది. దానికి కొండ నుంచి దారి దిద్దుబాటు అందాలి. ఈ వంతులో కూడా అందకపోతే అది భూమి పక్కనుంచి జారిపోయి, మళ్ళీ ఎవరికీ దొరకని వైపు వెళ్ళిపోతుంది. అందులో ఉన్నది ఒకే మనిషి, పేరు ఓబులేసు. పద్నాలుగేళ్ళ కిందట తాంబూలాలు మార్చుకోవడానికి ఎనిమిది రోజులుందనగా పిలుపొచ్చి వెళ్ళినవాడు. ఆ తాంబూలం పుచ్చుకోవలసిన ఇల్లు గంగరత్నది.

తలుపు చప్పుడయింది. జిలాని బాషా లోపలికి వచ్చాడు. ఈ చెవిగదికి పెద్ద అతనే, కానీ వయసులో ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్న. చేతిలో గొలుసు మూసివేతకు పచ్చ కాగితం ఉంది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు, బోర్లా పెడితే ఆమెకు కనిపించదన్నట్టు.

“అయ్యిందాక్కా లెక్క?”

“అయింది. ప్రధానమే.”

“నేను జెప్తానే ఉంటి గదా, యంత్రం ఒకసారి చూసినాక...” అని ఆగిపోయాడు. “టీ తాగినావా?”

“ఆ కాగితం యాడ సంతకం పెట్టాలో చెప్పు బాషా. టీ సంగతి తర్వాత.”

“ఇప్పుడొద్దులేక్కా. పదకొండు నుంచి పదకొండూ యాభై దాకా వంతుండాది గదా. వినుకో. పిలుపొస్తే ఈ కాగితం నేనే చించేస్తా.” అతను నిజంగానే చించేసే మనిషి. కాకపోతే రాదని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు.

అతను వెళ్ళాక ఆమె పలక వంక చూసింది. ఆచారం ప్రకారం ఇంకొక పని మిగిలింది. భాజకాలను వరసగా రాసి మొత్తం వేయాలి. రాయడానికేముంది? పలక మధ్యలో ఒకటి అంకె వేసింది. అంత పెద్ద పలకలో అదొక్కటే నిలబడింది. ఎన్నో వేల సంఖ్యల పలకలు రాసిన చెయ్యి ఆమెది, ఇంత బోసిపోయిన పలక ఎప్పుడూ రాయలేదు.

ఓబులేసు అయితే ఇది కూడా రాసేవాడు కాదు అనుకుంది. అనుకుని నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఓబులేసు తాత కదిరి కాయల మండీలో సరుకు కొలిచే కొలగాడు. యంత్రాలు తూచే కాలంలో కూడా ఆ ఇంట్లో వేరుశనక్కాయలు పడితోనే కొలిచేవారు. మొదటి పడి పోసేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు అంటూ పోవాలి. వాడికి మాటలు వచ్చిందే ఆ పాటతో. శిక్షణ బడిలో భాజకాలు చదవమంటే గొంతెత్తి “లాభం, రెండు, నాలుగు” అనేవాడు, తరగతి తరగతంతా పగలబడి నవ్వేది. నవ్వుతో పోతే బాగుండేది. నోటితో లాభం అన్నది వాడి చెయ్యి పలక మీద రాసేది కాదు. లాభం అన్నాక దేవుడికి ఇచ్చేసినట్టే వాడికి, రెండో దాన్నుంచే రాసుకుంటూ పోయేవాడు. మొత్తం ఎప్పుడూ ఒకటి తక్కువ వచ్చేది. పంతులమ్మ ఎన్నిసార్లు వరండాలో నిలబెట్టిందో లెక్కలేదు. “అన్నిట్లోనూ ఉండేదాన్ని మళ్ళా లెక్కబెట్టేదేంది రత్నా?” అని బయటినుంచి కిటికీలో తల పెట్టి అడిగేవాడు. ఓడలో గణకం ఉంటుంది కదా, చేత్తో వేసే పని వాడికెప్పుడు పడుతుందిలే అని చివరకు పంతులమ్మే విసిగి ఉత్తీర్ణుడిని చేసింది.

గంగరత్న గొలుసు పుస్తకం లాగి, చివరిసారి మాట కలిసిన వంతు తీసింది. 19,02,215. ఆనాటి మాటలు అక్కడే రాసి ఉన్నాయి, ఆమె చేతి రాతే. “గణకం మొండికేస్తాంది. రేపో మాపో పూర్తిగా పోయేటట్టుండాది. పోతే పోనీ, చేత్తో యేసుకుంటా.”

నూట ఇరవై రోజులుగా ఆ వాక్యం ఆమె కళ్ళ ముందే ఉంది. పిలుపు పంపే పరికరం కూడా గణకంతో పాటే పోయిందని కొండ మీద అందరూ తేల్చేశారు, ఆమె కూడా తలూపింది. తన మీద తనకు ఒళ్ళు మండిపోయింది.

పలక తుడిచింది. 19,02,215కు తనను తాను మినహాయించి ముప్పై ఒక్క భాజకాలు. అన్నీ కూడితే 10,00,825. రెండు వంతుల కిందట, అంటే మొదటి మౌనం రోజున, కొండ విన్నది ఆ అంకె మీదే. ఒకటి మరిచిపోతే? 10,00,824. ఆమె రెండు అంకెలనూ పక్కపక్కన రాసింది. ఒక్క అంకె తేడా, ఆ ఒక్క అంకె పక్కన నిలబడి వాడు గొంతు చించుకుని పిలుస్తుంటే ఇక్కడ తాను ఖాళీ గాలి విని లేచిపోయింది.

రెండో మెట్టు వేయాలి. కొండ 10,00,825 నుంచి 5,54,135కు, అక్కడి నుంచి ఈ పాడు ప్రధానానికి వచ్చింది. ఓబులేసు ఎటు వెళ్ళి ఉంటాడు? 10,00,824 రెండుతో మూడుసార్లు తెగింది, మూడుతో ఒకసారి, పదకొండుతో, పదిహేడుతో. చివర రెండు వందల ఇరవై మూడు మిగిలింది, అది తెగదు. భాజకాలన్నీ రాసింది. ఒకటి వేయబోయి వేలు వెనక్కి తీసుకుంది. కూడింది.

19,02,215.

మళ్ళీ కూడింది. అదే వచ్చింది. బయల్దేరిన చోటికే వచ్చింది.

ఆమెకు పంతులమ్మ గొంతు వినిపించింది. ఒకదాని భాజకాలు కూడితే రెండోది, రెండోదాని భాజకాలు కూడితే మొదటిది వస్తే స్నేహ జంట. ఒకటిని వదిలేసి కూడినప్పుడు అలా వస్తే పంతులమ్మ దాన్ని తాంబూలం జంట అనేది. పెళ్ళి కాలేదు, మాట మాత్రం అయింది అని నవ్వేది. ఆ పాఠం చెప్పిన రోజు ఓబులేసు వరండాలో ఉన్నాడు. ఒకటి మరిచిపోయినందుకే.

అయితే వాడు ఎక్కడికీ పోలేదు. ఒక వంతుకు ఇక్కడ, మరో వంతుకు అక్కడ, ఆ రెండు అంకెల మధ్యే తిరుగుతున్నాడు. ఇది మూడో వంతు. ఈ రోజు వాడు ఉండవలసింది 10,00,824 మీద. గంగరత్న లేచిన తొందరకు కుర్చీ వెనక్కి పడింది.

బాషా మొత్తం విన్నాడు. విన్నాక గడియారం చూశాడు. తొమ్మిదీ నలభై ఎనిమిది.

“చెవిని ఒక అంకె మీద నుంచి ఇంకో అంకె మీదికి తిప్పి నిలబెట్టాలంటే ముప్పావు గంటక్కా. పదీ పదైదు లోపల మొదలుపెట్టాల. ఒకసారి తిప్పితే మళ్ళా ఈ వంతుకు వెనక్కి రాలేం.”

“తెలుసు.”

“ఆయప్ప ఒకవేళ సరైన అంకె మీదనే ఉంటే? గణకం బాగయ్యి, పిలుపు ఈ పొద్దే వస్తాంటే? నువ్వు యాడనో వింటాంటావు. అప్పుడు ఆయన్ని పోగొట్టింది మనమే గదా.”

ఆ భయం ఆమెకూ ఉంది, అతని కంటే ఎక్కువే ఉంది. పద్నాలుగేళ్ళు ఒకే గొంతు కోసం నలభై రోజులకొకసారి బతికిన మనిషి, ఆ గొంతు రాగల ఒకే ఒక్క చోటు నుంచి చెవిని తన చేత్తో తిప్పబోతోంది. తప్పయితే మిగతా బతుకంతా ఆ చేతిని చూసుకుంటూ బతకాలి.

“బాషా, యంత్రానికి లెక్క తెలుసు. నాకు ఓబులేసు తెలుసు,” అంది. “వానికి ఒకటి గుర్తుండదు. నా పేరు మరిచిపోతాడేమో గాని, లాభం అనడం మరిచిపోడు.”

బాషా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గడ్డం గోక్కున్నాడు. “మా జేజి బియ్యం కొల్చేటప్పుడు బర్కత్ అంటాండె,” అన్నాడు. “ఒకటి అననిచ్చేది కాదు. నేను ఒకటంటే చేతిమీద కొట్టేది.”

ఇద్దరూ సరిచూపు ముందుకు వెళ్ళారు. గంగరత్న తన లెక్క ఎక్కించింది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

*భాజకాల జాబితాలో 1 లేదు. చేర్చమంటారా?*

వద్దు అని నొక్కింది.

*మొత్తం తప్పు. సరైన మొత్తం 10,00,825. సరిదిద్దమంటారా?*

వద్దు.

*తప్పు అంకె మీద వినడానికి నిబంధన లేదు. ముందుకు వెళ్ళాలంటే ఇద్దరి వేలిముద్రలు కావాలి.*

ఆమె వేలు పెట్టింది. బాషా తన బొటనవేలు చొక్కాకు తుడుచుకున్నాడు, ఇంకోసారి తుడుచుకున్నాడు. “నా ఉద్యోగం సంగతి సరేలేక్కా,” అన్నాడు, “రాత్రికి నాకు నిద్ర పట్టేటట్టు చూడు,” అని వేలు పెట్టాడు. అప్పుడు పదీ తొమ్మిది. కొండ కడుపులో ఎక్కడో ఇరుసు మూలిగింది, చెవి తిరగడం మొదలుపెట్టింది.

పదకొండు కొట్టింది. చెవిగదిలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓబులేసు మాట ఇక్కడికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. అంటే వాడు అనవలసింది ఈపాటికి అనేసి ఉంటాడు, ఎప్పుడో తొమ్మిదింటికే. ఆ మాట దారిలో ఉందా లేదా అన్నదే ఇక తేలాలి. పదకొండూ పది అయింది. పదకొండూ పద్దెనిమిది అయింది. బాషా కిటికీ దగ్గర నిలబడి బయటి ఎండను చూస్తున్నాడు, ఆమె వైపు చూసే ధైర్యం అతనికి లేదు. గంగరత్న చెవికి పెట్టుకున్న గొట్టాన్ని రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. తప్పు చేశాననుకుంది. మరుక్షణం చేయలేదనుకుంది. పదకొండూ ఇరవై ఆరుకు మళ్ళీ తప్పే చేశాననుకుంది.

గరగరమని ఏదో కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

“...భం. రెండు. మూడు. నాలుగు. ఆరు. ఎనిమిది. పదకొండు. పన్నెండు. పదిహేడు...”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిలిచేవాడు ముందుగా తన అంకె భాజకాలు చదవాలన్నది నియమం. వాడు చదువుతున్నాడు, మండీలో కొలిచినట్టే, ప్రతి అంకె చివర చిన్న సాగదీతతో. గొంతు ముదిరింది. మధ్యమధ్య దగ్గు వస్తోంది. బాషా పరుగున వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండో గొట్టం అందుకున్నాడు. అరవై మూడూ చదివాడు ఓబులేసు, ఒక్కటి తడబడలేదు.

“కూడితే పందొమ్మిది లచ్చల రెండు వేల రెండు నూర్ల పదైదు. వచ్చే వంతు ఆడ,” అన్నాడు. “రత్నా, ఉండావా? గణకం పోయింది, అంతా చేత్తోనే యేస్తాండా. నీ జవాబు రాక మూడో వంతు. నువ్వేమన్నా తప్పు కూడినావేమో అనుకున్నా. నువ్వు తప్పవు. నేనూ నాలుగుసార్లు సరిజూసుకున్నా, నాది సరిగ్గానే ఉండాది.”

బాషా ఆమె మొహం చూశాడు. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది.

“ఒక విచిత్రం జూసినావా? ఈ లెక్క ఆన్నుంచి ఈడికి, ఈన్నుంచి ఆడికే తిరుగుతాంది. స్నేహ జంట తగిలిందేమో మనకు. ఒక రకంగా మంచిదే అనుకున్నా. నువ్వు యాడన్నా తప్పిపోయింటే నన్ను యెతుక్కునేది సులభం. నేను యాడికీ పోలేదు రత్నా. ఈ రెండు గడపల నడమనే తిరుగుతాండా. దిద్దుబాటు రాకున్నా ఈన్నే పిలుస్తాంటా, పలికే శక్తి ఉన్నన్నాళ్ళు. నిన్ను చూడాలని ఉండాది. అంతే. ఇంగేం లేదు.”

గాలి చప్పుడు మిగిలింది. పదకొండూ ముప్పై ఎనిమిది. జవాబుకు పన్నెండు నిమిషాలున్నాయి.

గంగరత్న మొహం తుడుచుకుని గొలుసు పుస్తకం ముందుకు లాక్కుంది. మూసివేత అన్న గడి కొట్టేసింది. రాబోయే తొమ్మిది వంతుల గడుల్లోనూ రెండే అంకెలు మార్చి మార్చి నింపింది. ఒకటి మరిచిపోయావని వాడికి ఇప్పుడు చెప్పే ఆలోచన ఆమెకు లేదు. సరైన గొలుసు ఈ రోజుతో చచ్చిపోయింది, బతికున్నది వాడి తప్పుదే. కొత్త విత్తనం ఇస్తే అలసిన మనిషి ప్రతి వంతుకూ కొత్తగా భాగహారాలు చేయాలి, మళ్ళీ ఎక్కడో లాభం అని పొరబడతాడు. ఆ దెబ్బలాట ఇంటికొచ్చాక తీరిగ్గా పెట్టుకోవచ్చు. వరండా కూడా ఉంది.

బాషా గదిలో లేడు. పక్క గదిలో ఇనప బీరువా తెరిచిన చప్పుడయింది. ఒక నిమిషంలో పచ్చ కాగితాలు గుచ్చిన దస్తాలు గుండెకు హత్తుకుని వచ్చాడు. పద్నాలుగున్నాయి. అన్నీ మూసేసిన గొలుసులు. ఆమె పక్కన నేల మీద పరిచాడు.

“అక్కా, వీళ్ళందర్నీ మనం సరైన అంకె మీదనే విన్నాం,” అన్నాడు. “మాట రాకుంటే చచ్చిపోయినారని రాసినాం. వీళ్ళు యా ఊరోళ్ళో, ఇంట్లో ఎట్ల లెక్కబెడతారో, చేత్తో యేసేటప్పుడు ఏం మర్చిపోతారో మనమెప్పుడన్నా అడిగినామా?”

గంగరత్న ఆ దస్తాల వంక చూసింది. పై దాని మీద ఒక పేరు, ఆరేళ్ళ కిందటి తేదీ ఉన్నాయి. “ఈయనోళ్ళు ఎవరన్నా ఉండారేమో కనుక్కో,” అంది. “తల్లి గానీ, కూడా చదివినోళ్ళు గానీ. ఈ పొద్దే.”

అతను తలూపాడు. మొదటి దస్తా ముడి విప్పడం మొదలుపెట్టాడు.

ఆమె దిద్దుబాటు కాగితం పక్కన పెట్టుకుని, నోటిమర దగ్గరికి వంగింది. జవాబిచ్చే కొండ కూడా ముందు భాజకాలు చదవాలి. నిబంధనల పలక గోడ మీద ఎదురుగానే వేలాడుతోంది, ఒకటితో మొదలుపెట్టాలని పెద్ద అక్షరాలతో.

“లాభం,” అంది. “రెండు. మూడు. నాలుగు. ఆరు. ఎనిమిది...”

సరిచూపు మళ్ళీ అడిగింది, ఒకటి లేదు, చేర్చమంటారా అని. ఆమె తల ఎత్తకుండా చదువుకుంటూ పోయింది.